ఆరున్నర లక్షలు పెట్టి ఈఆర్‌పీ కొన్నాం, గోడౌన్‌లో ఇంకా నోట్‌బుక్కే నడుస్తోంది

ప్రశ్న: నమస్తే అండీ. మాది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపులు, వాల్వులు, పైప్ ఫిట్టింగుల హోల్‌సేల్ షాపు. మామయ్యగారు పెట్టింది. గోడౌన్ బోయిన్‌పల్లిలో ఉంది, అంతా కలిపి 34 మంది స్టాఫ్. నేను ఇంతకుముందు గచ్చిబౌలిలో ఐటీలో చేశా, పాప పుట్టాక మానేసి రెండేళ్లుగా షాపు చూసుకుంటున్నా. పోయినేడు ఆరున్నర లక్షలు పెట్టి ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాక్, లెక్కలు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) తీసుకున్నాం, గోడౌన్‌కి ట్యాబ్ కూడా కొన్నాం. పది నెలలైంది. కౌంటర్ అబ్బాయిలు ఇంకా చిట్టీలే రాస్తున్నారు, గోడౌన్ ఇన్‌ఛార్జ్ తన నోట్‌బుక్కే చూస్తాడు, సాయంత్రం ఎవరో ఒకరు కూర్చుని అదంతా సిస్టంలో కొడతారు. 23 ఏళ్లుగా ఉన్న మా అకౌంటెంట్ అంకుల్ "ఇంక నాతో పనేముందమ్మా, ఊరెళ్లిపోతా" అంటున్నారు. మామయ్యగారు ఒక్క మాట అనరు, ఆ అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంటోంది. వెండర్ ఏమో ఏఐ బాట్ పెడితే వాట్సాప్ ఆర్డర్లు వాటంతటవే ఎక్కేస్తాయి, ఇంకో మూడు లక్షలు అంటున్నాడు. పెట్టమంటారా? ఆ నోట్‌బుక్ లాగేసుకుంటే గానీ దారికి రారని మా ఆయన అంటున్నారు. ఏం చేయాలి?
(రాణిగంజ్ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

నోట్‌బుక్ లాగేసుకోకండి, మీ ఆయనకి కూడా చెప్పండి. బాట్‌కి మూడు లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మిగతాది పొడుగు, మీరు కౌంటర్‌లో కూర్చుని సగం చదివి ఫోన్ పక్కన పడేసినా నష్టం ఉండకూడదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు "సాయంత్రం ఎవరో ఒకరు కూర్చుని అదంతా సిస్టంలో కొడతారు" అన్నది. అంటే పని తగ్గలేదు, ఇంకొకటి పెరిగింది. ఇదివరకు ఒకసారి రాసేవాళ్లు, ఇప్పుడు రాసి మళ్లీ కొడుతున్నారు. మరి సుఖపడింది ఎవరంటే మీరు, ఇంట్లో పాపని పడుకోబెట్టి ఫోన్‌లో స్టాక్ ఎంతుందో చూసుకోగలుగుతున్నారు. అది తప్పేం కాదు, ఓనర్ అన్నాక అది కావాలి, కానీ కష్టం వాళ్లకి పెరిగి సుఖం మీకు వచ్చినప్పుడు ఎవరైనా నోట్‌బుక్కే పట్టుకుని కూర్చుంటారు, నేనైనా అంతే. దాన్ని మొండితనం అనుకుంటే మీరు అక్కడే ఆగిపోతారు.

చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. పోచంపల్లి చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి, ఒక్క చీరకి దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడించాలి, వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం పోయింది. ఆ నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడితే 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారైంది. ఒక దశలో ముందుకి కదలక ఆగిపోయాడాయన, హైదరాబాద్‌లో కరెంటు పనులు చేసుకుంటూ బాలానగర్‌లో ఏదో యూనిట్‌లో ఒక మెషీన్ కదలిక చూస్తే అప్పుడు చిక్కు వీడింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, ఆయన మగ్గం జోలికి పోలేదు. డిజైన్ జోలికి పోలేదు. మొత్తం నేతని ఆటోమేట్ చేసేద్దాం అనలేదు. ఎక్కడ భుజం నొప్పి పెడుతోందో ఆ ఒక్క పని పట్టుకున్నాడు, అందుకే ఎవరూ ఆ మెషీన్‌ని వద్దనలేదు, బలవంతంగా అలవాటు చెయ్యాల్సిన పని రాలేదు. మీ ఈఆర్‌పీ ఏమో మీకు ఏం కనబడాలి అన్న చోట మొదలైంది, మీ షాపులో ఎవరి భుజం నొప్పి పెడుతోంది అన్న చోట కాదు.

కాబట్టి ఓ మూడు రోజులు కంప్యూటర్ ముట్టుకోకుండా ఒక పని చెయ్యండి. ఒకే ఒక్క ఆర్డర్‌ని పట్టుకుని దాని వెంటే నడవండి. పొద్దున్నే కొంపల్లి సైట్ నుంచి కాంట్రాక్టర్ వాయిస్ మెసేజ్ పెడతాడు, "అన్నా, డేఢ్ ఇంచ్ బాల్ వాల్వ్ బారా, ఢాయి ఇంచ్ దో, పౌన్ ఇంచ్ ఎల్బో ఓ యాభై పంపియ్, పాత రేటే వెయ్యి." (డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయి రెండున్నర, పౌన్ ముప్పావు, బారా పన్నెండు, దో రెండు.) కౌంటర్ అబ్బాయి అది రెండుసార్లు విని చిట్టీ మీద రాస్తాడు. ఆ చిట్టీని ఫోటో తీసి గోడౌన్‌కి పంపుతాడు. గోడౌన్ ఆయన దాన్ని చూసి నోట్‌బుక్‌లో ఎక్కించి మాల్ తీయిస్తాడు. రెండు పీసులు తక్కువ వస్తే ఫోన్. డెలివరీ చలాన్ మీద మళ్లీ రాస్తారు. ట్రాలీ ఆటో వాడు వెళ్లిపోయాక అంకుల్ టాలీలో (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) బిల్లు కొడతారు, మాల్ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం) లేకుండా బండి కదలకూడదు కాబట్టి అప్పుడు ఈ వరసంతా తలకిందులవుతుంది, బండి గేటు దగ్గర ఆగి ఉంటుంది, అందరూ అంకుల్ మీద అరుస్తుంటారు. ఇక సాయంత్రం ఈఆర్‌పీలో ఎంట్రీ. ఆ "డేఢ్ ఇంచ్ బారా" అన్న ముక్క ఎన్ని చోట్ల ఎన్నిసార్లు రాశారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఎక్కడ ఎంతసేపు ఆగిందో కూడా రాయండి. వాచీ పట్టుకుని వాళ్ల నెత్తి మీద నిలబడొద్దు, దొంగని పట్టుకోడానికి వచ్చినట్టు ఉంటుంది, చాయ్ తెప్పించుకుని పక్కన కూర్చోండి.

నేను ఒకప్పుడు నాచారంలో ఒక కంపెనీలో ఇలాగే లెక్కపెట్టా. ఒక పర్చేజ్ ఆర్డర్ నంబరు ఏడు చోట్ల రాస్తున్నారు. అందులో రెండు రిజిస్టర్లు అసలు ఎవరూ తెరిచి చూడట్లేదు. మరి ఎందుకయ్యా రాస్తున్నావ్ అంటే "మేనేజర్ సార్ అడిగేవారండీ" అన్నాడు, ఏ సార్ అంటే ఆయన రిటైరై ఆరేళ్లయింది! ఆ రెండు రిజిస్టర్లు మూసేయడానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ముందు ఇలాంటివి తీసేయండి, తర్వాతే మెషీన్. పనికిరాని పనిని ఆటోమేట్ చేస్తే అది ఇంకా స్పీడుగా పనికిరాని పని అవుతుంది, అంతే.

ఫోర్డ్ కార్ల కంపెనీ వాళ్లు కూడా ఇక్కడే దొరికిపోయారు. 1980ల మొదట్లో అమెరికాలో వాళ్ల బిల్లుల చెల్లింపు విభాగంలోనే 500 మందికి పైగా ఉండేవాళ్లు, కంప్యూటర్లు పెట్టి ఓ 20 శాతం తగ్గిద్దాం అని ప్లాన్ వేసుకున్నారు. ఈలోపు జపాన్ కార్ల కంపెనీ మాజ్డాలో చూస్తే అదే పనికి ఐదుగురు. మాజ్డా చిన్న కంపెనీయే అనుకోండి, అయినా ఐదుగురేంటి! తీరా చూస్తే ఫోర్డ్‌లో వాళ్ల టైమంతా పోతున్నది ఆర్డరూ, మాల్ వచ్చిన కాగితమూ, సప్లయర్ బిల్లూ మూడూ సరిపోతున్నాయా అని పోల్చుకోవడంలోనే, 14 వివరాలు కలవాలి. వాళ్లు చేసిందేంటంటే బిల్లే వద్దన్నారు, మాల్ దిగిన చోట ఆర్డర్‌తో సరిచూసి పుచ్చుకుంటే చెక్కు వెళ్లిపోతుంది, చూడాల్సినవి మూడే మిగిలాయి. మన దగ్గర జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌కి (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోడానికి) బిల్లే ఆధారం కాబట్టి బిల్లు తీసేయలేం, అది కాపీ కొట్టమనట్లేదు. మీ దగ్గర అలాంటి కాగితం ఏదో వెతకమంటున్నా. నా అనుమానం ఆ చలాన్ మీద. మాల్ కదలకముందే బిల్లు కొట్టేస్తే రోజూ ఆడే సరుక్కి విడిగా చలాన్ ఎందుకో మీ అంకుల్‌ని అడగండి, ఆయన దగ్గర మంచి కారణం ఉండొచ్చు, ఉంటే ఉంచేయండి.

ఇప్పుడు అసలు కష్టమైన ముక్క, పేర్లు. మీ ఈఆర్‌పీలో ఐటమ్ లిస్టు ఎవరు ఎక్కించారు? వెండర్ మనుషులే కంపెనీ ప్రైస్ లిస్టు చూసి ఎక్కించి ఉంటారు, పందెం. అందులో "బాల్ వాల్వ్ ఎస్ఎస్ 304 స్క్రూడ్ ఎండ్ 50 ఎంఎం" అని ఉంటుంది. కౌంటర్‌లో దాని పేరు "రెండించుల ఎస్సెస్ బాల్". గోడౌన్‌లో దాని పేరు "మూడో ర్యాక్ రెండు" అయ్యుంటుంది. 40 ఎంఎం అంటే ఒకటిన్నర, 15 అంటే అర, 20 అంటే పౌన్, ఇదంతా వాళ్ల నోట్లో ఉంది, సిస్టంకి తెలీదు. అబ్బాయి ట్యాబ్‌లో "రెండు" అని కొడితే 60 ఐటమ్‌లు వస్తాయి, వెనక కస్టమర్ నిలబడి ఉంటాడు, అప్పుడు చిట్టీ రాయక ఏం చేస్తాడు చెప్పండి. అంకుల్, గోడౌన్ ఆయన, కౌంటర్‌లో ఒక పాత చెయ్యి, ముగ్గుర్నీ ఆదివారం కూర్చోబెట్టి ఎక్కువగా ఆడే ఓ 200 ఐటమ్‌లకి వాళ్లు పిలిచే పేరే పక్కన రాయించండి, సిస్టంలో ఆ పేరుతో వెతికితే రావాలి. భోజనం తెప్పించండి, ఓవర్‌టైమ్ ఇవ్వండి. ఈ పని చెయ్యకుండా మీరు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా దానికీ ఇదే గతి.

డిస్కౌంట్లు అంతకన్నా చిక్కు. ఈ పార్టీకి 22 ప్లస్ 5 (22 శాతం తీసి, మిగిలిన దాని మీద ఇంకో 5 శాతం), ఆ పార్టీకి 25 కానీ క్యాష్ అయితేనే, ఇంకో ఆయనకి ఉద్దెర 45 రోజులు రాసి ఉన్నా దసరా తర్వాతే అడగాలి, ఎందుకంటే మామయ్యగారికి పాత స్నేహం. ఇది ఎక్కడా రాసి ఉండదు, అంకుల్ తలలో ఉంటుంది. అందుకే ఆయన ఊరెళ్లిపోతా అంటే మీరు భయపడాలి, కానీ ఆయన్ని చూసి కాదు.

ఆయన మాట వేరేగా విని చూడండి. "ఇంక నాతో పనేముందమ్మా" అన్నది అలక కాదు, ప్రశ్న. దానికి మీ ఇంట్లో ఎవరైనా సూటిగా జవాబు చెప్పారా? పది నెలలుగా ఆయన ముందే వెండర్ కుర్రాళ్లు తిరుగుతూ "ఇది వస్తే మాన్యువల్ వర్క్ జీరో సార్" అంటున్నారు, ఆ మాన్యువల్ వర్క్ అంటే తనే అని ఆయనకి తెలుసు. ఇంకోటి కూడా ఉండొచ్చు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 1 ఏప్రిల్ 2023 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ రికార్డ్ అవ్వాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరపడానికి ఉండదు. 23 ఏళ్లు పెన్సిల్‌తో తప్పు దిద్దుకుని పెన్నుతో రాసుకున్న మనిషికి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. తప్పు దొరకడం కాదు ఆయన భయం, ఆ తప్పు మీ ఫోన్‌లో కనబడటం.

అందుకని మీ మొదటి ఆటోమేషన్ ఆయన భుజం నొప్పి దగ్గర మొదలుపెట్టండి. నెలనెలా 14న జీఎస్‌టీఆర్-2బీ (సప్లయర్లు పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల లిస్టు) వస్తుంది, 20లోపు 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వెయ్యాలి, ఆ మధ్య ఆరు రోజుల్లో ఏ సప్లయర్ బిల్లు పోర్టల్‌లో ఎక్కింది, ఏది ఎక్కలేదు అని పర్చేజ్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్ పెడుతూ కూర్చుంటారు చూడండి, అది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికెళ్లే రోజులు అవే అయ్యుంటాయి. ఇప్పటి టాలీ ప్రైమ్‌లోనే ఆ పోలిక చేసి తేడాలు మాత్రం చూపించే సదుపాయం ఉంది, మీ దగ్గర లైసెన్స్ ఉంటే కొత్తగా కొనాల్సిందేం లేదు, అప్‌డేట్ చేసుకుని నేర్పాలి అంతే. కలిసినవి అది చూసుకుంటుంది, కలవని పది పదిహేను ఆయన చూస్తారు, సప్లయర్‌కి ఫోన్ చేసి గట్టిగా అడగడం ఎలాగూ సాఫ్ట్‌వేర్‌కి రాదు. టర్నోవర్ 5 కోట్లు దాటితే 1 ఆగస్టు 2023 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) ఎలాగూ తప్పనిసరి, అది కూడా పోర్టల్‌లో విడిగా కొట్టకుండా టాలీ నుంచే పంపొచ్చు, ఇంకా విడిగా కొడుతుంటే అదీ తీసేయండి. ఒక నెల ఆయన ఆరింటికి ఇంటికెళ్తే, ఆ తర్వాత సంగతి ఆయనే మాట్లాడతారు, మీరు నచ్చచెప్పక్కర్లేదు.

ఈలోపు ఆయనకి ఒక మాట ఇవ్వండి, అది కూడా మామయ్యగారి నోటితోనే రావాలి: రేట్లు, డిస్కౌంట్లు, ఉద్దెర గడువు, ఈ మూడూ సిస్టంలో మార్చే అధికారం ఆయన ఒక్కరిదే, మీకు కూడా లేదు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే. (ఇప్పుడు మీ షాపులో అడ్మిన్ పాస్‌వర్డ్ అందరికీ తెలుసు కదా, మానిటర్ పక్కన అతికించి ఉందా? ఉంటే ఇవాళే పీకేయండి.) పక్కన ఒక కుర్రాణ్ణో అమ్మాయినో పెట్టి నేర్పమనండి, కానీ అది ఆయన వెళ్లిపోవడానికి ఏర్పాటులా కనబడకుండా జీతం పెంచి పెట్టండి.

మనుషుల్ని తీసేసే ఆలోచన ఏమైనా ఉందా, నిజం చెప్పండి. ఉంటే దాచకండి, 34 మంది ఉన్న చోట ఏదీ దాగదు. మన బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు యూనియన్లు ఎంత గొడవ చేశాయో మామయ్యగారికి గుర్తుంటుంది, 1983లో కూర్చుని ఎన్ని మెషీన్లు, ఎక్కడెక్కడ అని ఒప్పందం రాసుకున్నాకే బండి కదిలింది. మీకు యూనియన్ లేదు, అయినా చాయ్ బండి ఉంది కదా. ఎంట్రీ కొట్టే ఇద్దరు మిగులుతారనుకుంటే వాళ్లని రేపట్నుంచి బాకీల ఫాలోఅప్‌కి పెడతామని ముందే చెప్పండి, హోల్‌సేల్ షాపులో వసూళ్లకి మనుషులు ఎక్కువయ్యారన్న మాట నేనింతవరకు వినలేదు.

వసూళ్లంటే గుర్తొచ్చింది, నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా, సిగ్గుగానే ఉంటుంది. ఒక డీలర్ దగ్గర బాకీ రిమైండర్లు వాట్సాప్‌లో వాటంతటవే పోయేలా పెట్టించా. 30 రోజులు దాటితే ఒక మెసేజ్, 45 దాటితే ఇంకొంచెం గట్టిగా, 60కి ఇంకా గట్టిగా. మొదటి వారం వసూళ్లు బాగా వచ్చాయి, నేను కాలర్ ఎగరేసుకుని తిరిగా. రెండో వారం ఒక పార్టీకి 60 రోజుల మెసేజ్ పోయింది, ఆ రోజు ఆయన పెద్దకర్మ. ఆయన పోయిన సంగతి ఆ ఆఫీసులో అందరికీ తెలుసు, ఓనర్ శ్మశానం దాకా వెళ్లొచ్చాడు కూడా, ఒక్క ఆ కంప్యూటర్‌కే తెలీదు. వాళ్లబ్బాయి మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఓనర్‌కి పంపాడు, కింద ఏమీ రాయలేదు. ఆ బాకీ వాళ్లు మర్నాడే పూర్తిగా కట్టేశారు. మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు. ఆ తర్వాత మేం మార్చిందేంటంటే, రోజూ పొద్దున పదింటికి ఆ రోజు పోవాల్సిన మెసేజ్‌ల లిస్టు పాత క్యాషియర్ ముందుకి వస్తుంది, ఆయన చూసి వద్దన్నవి తీసేస్తే మిగతావి పోతాయి. నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలు మిగుల్చుకుందామనే నేను అంత చేశా.

మళ్లీ మగ్గం దగ్గరికే వస్తున్నా, ఏమనుకోకండి. జపాన్‌లో సకిచి టొయోడా అని, టొయోటా కార్ల కంపెనీకి మూలం ఆయనే, 1924లో ఒక ఆటోమేటిక్ మగ్గం తెచ్చాడు. దాని గొప్పతనం స్పీడు ఒక్కటే కాదు, దారం తెగితే ఆగిపోతుంది. తెగిన దారంతో గజాలకి గజాలు చెడిపోయిన బట్ట నెయ్యదు, ఆగి మనిషిని పిలుస్తుంది. ఆగడం తెలీని ఆటోమేషన్ ఏం చేస్తుందో చూడాలంటే నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ కంపెనీ ఉదాహరణ ఉంది, 1 ఆగస్టు 2012న ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మర్చిపోతే, ఆ ఒక్కటి పాత ప్రోగ్రాంతో ఆర్డర్లు కొట్టుకుంటూ పోయి 45 నిమిషాల్లో సుమారు 44 కోట్ల డాలర్లు ముంచింది. మీ షాపులో అంత ఉండదు లెండి, కానీ కొన్న రేటు కన్నా తక్కువకి బిల్లు పడుతుంటే, పార్టీ ఎప్పుడూ పది తీసుకునే చోట వంద కొడుతుంటే, ఉద్దెర లిమిట్ దాటుతుంటే, మీ సిస్టం ఆగి అడుగుతుందా? వెండర్‌ని ముందు ఇది చూపించమనండి. డ్యాష్‌బోర్డు రంగులు తర్వాత.

ఇక బాట్. అసలు పనికిరాదని నేననను, వాయిస్ మెసేజ్‌ని రాతగా మార్చడం ఇప్పుడు బాగానే చేస్తున్నాయి. కానీ ఆ డేఢ్, ఢాయి, పౌన్ అన్నవి చూశారా, తెలుగూ హిందీ దక్కనీ కలిపి కొట్టిన వాయిస్‌లో ఢాయి ఇంచ్‌ని రెండించులు అని రాసుకుంటే మాల్ మేడ్చల్ సైట్ దాకా వెళ్లి వెనక్కి రావాలి, ఆటో కిరాయి రెండు వైపులా మీదే, ప్లంబర్ బూతులు ఫ్రీ. పైగా "పాత రేటే వెయ్యి" అన్నదాన్ని బాట్ ఏం చేస్తుంది? పేర్ల పని అయ్యాక, మీ సొంత షాపుకొచ్చిన వంద పాత వాయిస్ మెసేజ్‌లు వెండర్‌కి ఇచ్చి, కౌంటర్ అబ్బాయి రాసిన చిట్టీలతో పోల్చి చూపించమనండి. వాడు తెచ్చిన శాంపిల్ మీద డెమో చూడకండి, వాడి శాంపిల్‌లో ఎవరూ హారన్ల మధ్య నిలబడి మాట్లాడరు. బాగా వచ్చినా సరే ముసాయిదా ఆర్డర్ వరకే, ఓకే నొక్కేది అబ్బాయే. వెండర్ విషయంలో ఇంకోటి, మీ డేటా మొత్తం ఎక్సెల్‌లో బయటికి తీసుకునే వీలుందా, ఏడాదికి ఏఎంసీ (మెయింటెనెన్స్ ఫీజు) ఎంత, యూజర్ పెరిగితే ఎంత, ఇవి కాగితం మీద ఉండాలి, మిగిలిన డబ్బు ఏమైనా ఉంటే ఒక నెలాఖరు క్లోజింగ్ ఆ సిస్టంలో సాఫీగా అయ్యాకే ఇవ్వండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, మార్చిలో వద్దు, ఇయర్ ఎండింగ్. ఎండాకాలం అసలే వద్దు, బోర్లూ మోటార్లూ అని మీకు తల తిప్పుకునే టైమ్ ఉండదు. వానలు పడ్డాక, లష్కర్ బోనాల హడావిడి కూడా అయిపోయాక, నెలలో 20 దాటిన తర్వాత ఒక తారీఖు పెట్టుకోండి. అది ఆషాఢం అని మామయ్యగారు నసిగితే శ్రావణం దాకా ఆగండి, పోయేదేం లేదు. ఒక నెల రెండూ నడపండి, నోట్‌బుక్కూ సిస్టమూ, నెలాఖరున స్టాక్ లెక్కపెట్టి ఏది నిజం చెప్పిందో చూడండి. నోట్‌బుక్ గెలిస్తే ఒప్పుకోండి, సిస్టం ఎక్కడ తప్పిందో వెతికి ఇంకో నెల. సిస్టం గెలిచిన నెల నుంచి సాయంత్రం డబుల్ ఎంట్రీ బంద్, దాని మీద మాత్రం గట్టిగా ఉండండి, రెండూ ఎప్పటికీ నడిపితే ఇప్పుడున్న చోటికే వస్తారు. కరెంటు పోయినప్పుడు, నెట్ పోయినప్పుడు ఏం చెయ్యాలో కూడా అప్పుడే రాసి గోడకి అతికించండి, ఆ రోజుకి ఒక చిట్టీల పుస్తకం డ్రాయర్‌లో ఉంచండి.

మామయ్యగారికి ఫోన్‌లో యాప్ వెయ్యకండి. ఆయనకి రోజూ పొద్దున ఏం కావాలో మీకు తెలిసే ఉంటుంది, నిన్నటి అమ్మకం, నిన్నటి వసూలు, పెద్ద బాకీలు పది. అది ఒక్క పేజీ పెద్ద అక్షరాలతో తెలుగులో ప్రింట్ తీసి ఆయన వచ్చేసరికి టేబుల్ మీద పెట్టించండి. ఆయన పెన్నుతో దాని మీద ఏదైనా గీస్తే ఆ కాగితాలు దాచండి, అక్కడ సున్నాలు చుట్టినవే మీ తర్వాతి పని.

నోట్‌బుక్ సంగతి. లాగేసుకునే బదులు గోడౌన్ ఆయన్ని అడిగి, ఆయన ఎదుటే, పోయిన మూడు నెలల పేజీలు జిరాక్స్ తీయించండి. ఏ వరసలో రాస్తాడు, ఏం రాయడు, మార్జిన్‌లో ఆ చుక్కలేంటి, అన్నీ ఆయన్నే చెప్పమనండి, ట్యాబ్‌లో స్క్రీన్ ఆ వరసలోనే ఉండేలా వెండర్‌తో మార్పించండి, ఆరున్నర లక్షలు తీసుకున్నాడు కదా చేస్తాడు. ఇంకొక్కటి, నవ్వుకోకండి, ఇలాంటి ఒక కేసులో మూడు నెలలు మీటింగులు పెట్టాక నాకు తెలిసింది: ఆ ట్యాబ్‌లో అక్షరాలు ఎంత సైజులో ఉన్నాయి, ఇంగ్లిష్‌లోనే ఉన్నాయా, మీ గోడౌన్ ఆయనకి వయసెంత, దగ్గరి చూపుకి కళ్లజోడు ఉందా? రేపు బోయిన్‌పల్లి వెళ్లినప్పుడు ఆ ట్యాబ్ ఆయన చేతికే ఇచ్చి, ఎంత దూరం పెట్టుకుని చూస్తున్నాడో ఊరికే గమనించండి.